మంచినీళ్ళ మనిషి

కండలేరు కాలువ గట్టున ఇరవై ఏళ్ళు
గాలం పట్టినవాణ్ణి.
బెండు మునిగే తీరు చూసి
బొచ్చెయో కొర్రమీనో చెప్పేవాణ్ణి.
తవుడు ముద్దలో వాము ఎంత కలపాలో
నా వేళ్ళకి తెలుసు, నోటితో చెప్పలేను.
ఆ గర్వాన్నే సంచిలో పెట్టుకుని
అంబత్తూరులో లేత్ పనికొచ్చిన మొదటి ఆదివారం
ఎణ్ణూరు వంతెన కింద దిగాను.
ఎదురుగా కరెంటు కంపెనీ పొగగొట్టాలు,
కాళ్ళ కింద బూడిదరంగు బురద.

బెండు వేశాను.
నీళ్ళు దాన్ని తీసుకుని వెళ్ళిపోయాయి.
మళ్ళీ వేశాను.
మళ్ళీ వెళ్ళిపోయాయి.
నా కాలువ ఏనాడూ ఇంత అమర్యాద చెయ్యలేదు.

పామంజి దేశమ్మ, బతికిన రొయ్యలమ్మే మనిషి,
తాటాకు బుట్ట అంచు పళ్ళతో కరిచిపట్టి
రెండు చేతులా బురద తడుముతూ వస్తోంది.
నన్ను చూసి నవ్వడానికి
బుట్ట చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది.
"మంచినీళ్ళోడివా అబ్బయా?"

"ఆడ నువ్వు కూసుంటావు, చేప వస్తాది.
ఈడ వచ్చేదీ పొయ్యేదీ నీళ్ళే.
చేప వాటెంట వచ్చే చుట్టం.
పోటు తిరిగే ముందు ఒక అరగంట,
తిరిగినాక ఒక అరగంట.
మిగతా పొద్దంతా బీడీ తాగు.
గడియారం చూడబాక, తిథి చూడు.
అష్టమికి నీళ్ళు సోమరి.
అమాసకి సీసం రెండింతలు కట్టాల."

రొయ్యని కొమ్ము కింద గుచ్చమంది,
లోపలి నల్లచుక్కకి తగలకుండా.
"అది గుండో మెదడో నాకేం తెలుసు.
తగిల్తే చస్తాది.
చచ్చినదాన్ని పండుగొప్ప ముట్టదు."

నీళ్ళలోకి అడుగేశానో లేదో అరిచింది.
"కాలెత్తబాక! ఈడ్చు!
టేకు చేప ఇసకలో పడుకోనుంటాది.
తొక్కితే ముల్లు, తగిలితే జరుగుతాది."
అమ్మ తర్వాత
నాకు నడక నేర్పింది ఈమే.
యాభై రెండో ఏట
కొత్త కోడల్లా కాళ్ళీడుస్తూ ఉప్పునీళ్ళలోకి దిగాను.

నాలుగు ఆదివారాలు ఏమీ లేదు.
అయిదోసారి పెద్దదే పట్టింది.
కొర్రమీనైతే గడ్డిలో దూరుతుంది,
తీగ వదిలి, ఓర్చుకుని, లాక్కోవచ్చు.
ఇది వంతెన స్తంభం చుట్టూ తిరిగింది.
ఆలిచిప్పలు నా తీగని
మంగలి కత్తిలా కోశాయి.
ఆమె ఏమీ అనలేదు.
అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆరోసారి, చీకటి పడే వేళ,
మూర మీద జానెడు పండుగొప్ప.
కళ్ళు రెండూ నిప్పు కణికలు.
ఎత్తి చూపించాను.
దేశమ్మ చేపని చూడలేదు,
నా చేతిలో రీలుని చూసింది.
"తెల్లారేసరికి ఉప్పు తినేస్తాది దాన్ని.
మంచినీళ్ళు పొయ్యాల."

వైశాఖం. లారీ వచ్చి నాలుగు రోజులు.
గుడిసె ముందు ఏడు రంగుల బిందెలు,
ఆరు బోర్లించి ఉన్నాయి.
ఏడోదాంట్లో చెంబు ముంచింది.
వద్దన్నాను.
వినకుండా రీలు కింద గిన్నె పెట్టి
సన్నగా, నూనె పోసినట్టు పోసింది.
గిన్నెలో నీళ్ళతో చేప కడిగింది.
ఆ కడుగుతో కాళ్ళు కడుక్కుంది.

ఎక్కడి నీళ్ళని అడిగాను.
"లారీవి."
లారీకి?
"పూండివంట."
పూండికి ఎక్కడివో
ఆమె చెప్పక్కర్లేదు.
నా పిక్కల్ని ఒరుసుకుంటూ
ఇరవై ఏళ్ళు ఎన్ని బిందెలు పోయాయో.
వాటిలో ఉమ్మాను.
ఎర డబ్బా కడిగాను.
ఎక్కడికని ఒక్కదాన్నీ అడగలేదు.

పై ఆదివారం బేసిన్ బ్రిడ్జిలో రైలు మారుతూ
రెండు చేతులా రెండు క్యాన్లు,
గాలం చంకలో.
చేరేసరికి పోటు తిరిగి గంటయింది.
దేశమ్మ క్యాన్ల వైపు చూసింది,
నా వైపు చూసింది.
"ఇదేం ఎర అబ్బయా?"